కుర్చీ కొలువు, నడుము కొలత, నెత్తుటి కొవ్వు

కుర్చీలో కూర్చుని పనిచేసే 65 కిలోల మగవాడికి రోజుకు 2,110 కిలో క్యాలరీల శక్తి సరిపోతుంది. అదే బరువున్న మనిషి పొలంలోనో, బరువులు మోసే చోటో ఒళ్లు వంచి పనిచేస్తే 3,470 కావాలి. 55 కిలోల స్త్రీకి ఈ లెక్కలు 1,660, 2,720. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఖరారు చేసిన అంచనాలివి. మగవాడి విషయంలో రెండు పనులకూ మధ్య తేడా 1,360 కిలో క్యాలరీలు. వంద గ్రాముల బియ్యంలో దాదాపు 350 కిలో క్యాలరీలు ఉంటాయి. అంటే ఆ తేడా నాలుగు వందల గ్రాములకు కాస్త తక్కువ బియ్యంతో సమానం.

ఒకటి రెండు తరాల్లో లక్షల తెలుగు కుటుంబాలు పొలం పనుల నుంచి ఆఫీసు కొలువులకు మారాయి. పని మారినంత వేగంగా కంచం మారలేదు. ఖర్చుకాని శక్తి కొంత పొట్ట చుట్టూ, కొంత కాలేయంలో, కొంత నెత్తుట్లో తిరిగే కొవ్వుగా చేరుతుంది. ఉద్యోగుల్లో బరువు, కొలెస్టరాల్ సమస్యలు తరచు జంటగా కనిపించడానికి మూలం ఈ మిగులే.

లండన్ బస్సుల్లో దొరికిన ఆధారం

చేసే పనికీ గుండె జబ్బుకూ ఉన్న సంబంధాన్ని లెక్కలతో చూపిన తొలి పరిశోధకుల్లో బ్రిటిష్ వైద్యుడు జెర్రీ మోరిస్ ముఖ్యుడు. లండన్ రవాణా సంస్థలో 35 నుంచి 64 ఏళ్ల వయసున్న దాదాపు 31 వేల మంది మగ సిబ్బంది ఆరోగ్య వివరాలను ఆయన బృందం పరిశీలించింది. రెండంతస్తుల బస్సులో డ్రైవర్ డ్యూటీ సమయంలో తొంభై శాతం కూర్చునే ఉంటాడు. కండక్టర్ టికెట్ల కోసం రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కుతాడు. ఇద్దరి జీతాలు, బతుకు తీరు ఇంచుమించు ఒకటే. 1953లో వెలువడిన ఫలితాల ప్రకారం కండక్టర్లలో గుండెపోటు తక్కువ. వచ్చినా పెద్ద వయసులో వచ్చింది, ప్రాణం తీసేంత తీవ్రత కూడా తక్కువే.

మూడేళ్ల తరువాత అదే బృందం సిబ్బందికి ఇచ్చిన యూనిఫారాల చిట్టా తీసింది. ప్యాంటు నడుము సైజులు డ్రైవర్లవే పెద్దవి. ఆ తేడా ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే ఉండడంతో, కండక్టర్ల ఆరోగ్యానికి కారణం పనా, పుట్టుకతో వచ్చిన శరీర తత్వమా అన్న అనుమానం తలెత్తింది. అయితే ఒకే నడుము సైజున్న డ్రైవర్లనూ కండక్టర్లనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు కూడా కండక్టర్లకే ముప్పు తక్కువని తేలింది. 1966 నాటి అధ్యయనంలో డ్రైవర్ల రక్తపోటు, రక్తంలో కొవ్వు ఎక్కువగా ఉన్నట్టు కనిపించింది. నడుము కొలత ఒక లెక్క, ఒంటి కదలిక మరో లెక్క అని ఈ పరిశోధనలు చెప్పాయి. ఆ రెండు లెక్కలూ ఇవాళ్టి ఆఫీసు ఉద్యోగికీ వర్తిస్తాయి.

నెత్తుట్లో కొవ్వు ప్రయాణం

కొలెస్టరాల్ మైనం లాంటి పదార్థం. ఒంట్లోని ప్రతి కణం పొరకూ అది కావాలి. పిత్త లవణాలు, విటమిన్ డి, స్త్రీ పురుష హార్మోన్లు దాని నుంచే తయారవుతాయి. శరీరానికి కావలసినంతలో ఎక్కువ భాగాన్ని శరీరమే తయారు చేసుకుంటుంది. ట్రైగ్లిజరైడ్లు వేరు. అవి శక్తిని దాచుకునే కొవ్వు. గిన్నెలోని నూనె, పొట్ట మీది మడత రెండూ ప్రధానంగా ట్రైగ్లిజరైడ్లే.

ఈ రెండు రకాల కొవ్వులూ నీటిలో కలవవు. అందుకే రక్తంలో అవి ప్రోటీన్ తొడుగున్న సూక్ష్మ రేణువుల్లో ఎక్కి తిరుగుతాయి. కాలేయం ట్రైగ్లిజరైడ్లతో నింపి పంపే రేణువు వీఎల్‌డీఎల్. దారిలో కండరాలకూ కొవ్వు కణాలకూ సరుకు దించుకుంటూ పోగా, చివరకు కొలెస్టరాల్ మోసే ఎల్‌డీఎల్‌గా మిగులుతుంది. కణాల దగ్గర ఎక్కువైన కొలెస్టరాల్‌ను తిరిగి కాలేయానికి చేర్చడంలో హెచ్‌డీఎల్‌ది ముఖ్య పాత్ర. జనం వాడుకలో ఎల్‌డీఎల్ చెడు కొలెస్టరాల్, హెచ్‌డీఎల్ మంచి కొలెస్టరాల్.

పని పూర్తయిన ఎల్‌డీఎల్ రేణువులను కాలేయ కణాల మీదుండే గ్రాహకాలు పట్టి లోపలికి లాక్కుంటాయి. అమెరికాలోని డల్లాస్‌లో పనిచేసిన మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ ఈ గ్రాహకాల గుట్టు విప్పి 1985లో నోబెల్ బహుమతి అందుకున్నారు. గ్రాహకాలు తగ్గితే ఎల్‌డీఎల్ రక్తంలోనే ఎక్కువ కాలం తిరుగుతుంది. ధమనుల లోపలి గోడలోకి చొరబడి, అక్కడ ఏళ్ల తరబడి పూడికగా పేరుకుంటుంది. ఆ పూడిక ఏదో ఒకనాడు చిట్లి, దాని మీద రక్తం గడ్డకడితే గుండెపోటు వస్తుంది.

భోజనంలోని సంతృప్త కొవ్వు ఈ గ్రాహకాల పనిని మందగింపజేస్తుంది. ఒక గుడ్డు పచ్చసొనలో దాదాపు 200 మిల్లీగ్రాముల కొలెస్టరాల్ ఉన్నా, చాలామందిలో కాలేయం తన సొంత ఉత్పత్తిని తగ్గించుకుని కొంత సర్దుకుంటుంది. సంతృప్త కొవ్వు విషయంలో అలాంటి సర్దుబాటు లేదు. అందువల్ల ఎల్‌డీఎల్ పెరిగినప్పుడు గుడ్డు కంటే ముందు నెయ్యి, వెన్న, పామాయిల్, కొబ్బరి నూనె, బేకరీ సరుకుల లెక్క చూడాలి.

మనవాళ్ల నెత్తుటి తీరు

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో దేశమంతటా లక్షా 13 వేల మందితో జరిగిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. ఇరవయ్యేళ్లు నిండినవారిలో మొత్తం కొలెస్టరాల్ ఎక్కువున్నవారు 24 శాతం, ఎల్‌డీఎల్ ఎక్కువున్నవారు 20.9 శాతం. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవారు మాత్రం 32.1 శాతం. హెచ్‌డీఎల్ తక్కువున్నవారు ఏకంగా 66.9 శాతం. ఈ నాలుగింటిలో ఏదో ఒక లోపమైనా ఉన్నవారు 81.2 శాతం.

పాశ్చాత్య దేశాల్లో కొలెస్టరాల్ అంటే ముందు గుర్తొచ్చేది మాంసం, వెన్న, జున్ను తినేవారిలో పెరిగే ఎల్‌డీఎల్. ఇక్కడ ఎక్కువమందిలో కనిపించే జంట వేరు: ట్రైగ్లిజరైడ్లు పెరగడం, హెచ్‌డీఎల్ తగ్గడం. ఈ జంట వెనుక కొవ్వు కంటే పిండి పదార్థం, చక్కెర, కదలిక లేమి ఎక్కువ పనిచేస్తాయి.

అన్నం, ఇడ్లీ, పూరీ, చక్కెర ఏదైనా చివరకు ఎక్కువగా గ్లూకోజ్‌గా నెత్తుట్లోకి వస్తుంది. చక్కెరలో సగం మాత్రం ఫ్రక్టోజ్. దాన్ని ఎక్కువగా కాలేయమే చూసుకుంటుంది. గ్లూకోజ్‌ను గ్లైకోజెన్‌గా దాచుకునే చోటు కండరాల్లో సుమారు 400 గ్రాములు, కాలేయంలో 100 గ్రాములు మాత్రమే. నడిచేవాడి కండరాలు ఆ గిడ్డంగిని రోజూ కొంత ఖాళీ చేస్తాయి. పగలంతా కూర్చున్నవాడి గిడ్డంగి ఎప్పుడూ నిండే ఉంటుంది. అప్పుడు మిగిలిన పిండిని కాలేయం కొవ్వుగా మార్చి, కొంత తనలో ఉంచుకుని, కొంత వీఎల్‌డీఎల్‌లో నింపి నెత్తుట్లోకి పంపుతుంది. రిపోర్టులో ట్రైగ్లిజరైడ్లు పెరగడం అంటే అదే.

కథ అక్కడితో ఆగదు. ట్రైగ్లిజరైడ్లతో బరువెక్కిన వీఎల్‌డీఎల్ తన సరుకులో కొంత హెచ్‌డీఎల్‌కూ ఎల్‌డీఎల్‌కూ ఇచ్చి, బదులుగా వాటి కొలెస్టరాల్ తీసుకుంటుంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కిన హెచ్‌డీఎల్ నిలవలేక త్వరగా విచ్ఛిన్నమై బయటికి పోతుంది. అలా మంచి కొలెస్టరాల్ తగ్గుతుంది. ఎల్‌డీఎల్ రేణువులు చిన్నవిగా, చిక్కగా మారతాయి. అప్పుడు ఒకే మోతాదు కొలెస్టరాల్‌ను ఎక్కువ సంఖ్యలో రేణువులు మోస్తుంటాయి. ధమని గోడలోకి చొరబడేది రేణువే కాబట్టి, రిపోర్టులో ఎల్‌డీఎల్ అంకె మామూలుగా కనిపించినా ముప్పు తగ్గదు.

ఒళ్లు కదలకపోవడం ఇంకో వైపు నుంచి కూడా దెబ్బ తీస్తుంది. నెత్తుట్లోని ట్రైగ్లిజరైడ్లను విడగొట్టి కండరానికి అందించే ఎంజైమ్ లైపోప్రోటీన్ లైపేజ్. కండరం పనిచేస్తేనే అది చురుగ్గా ఉంటుంది. గంటల తరబడి కూర్చుంటే మందగిస్తుంది. మెట్లెక్కిన లండన్ కండక్టర్లకు తోడ్పడినవాటిలో ఇదీ ఒకటి కావచ్చు.

తూనిక చెప్పని సంగతి

2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫొటో అచ్చయింది. పుణేకు చెందిన మధుమేహ నిపుణుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ అందులో పక్కపక్కన నిలబడి ఉంటారు. ఎత్తు, బరువుల నిష్పత్తి అయిన బీఎంఐ ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. ఒకే బీఎంఐలో దక్షిణాసియా మనిషికి కండ తక్కువ, కొవ్వు ఎక్కువ అని ఆ ఫొటో ఒక్క చూపులో చెప్పింది.

ఈ కారణంగానే భారతీయులకు బీఎంఐ హద్దులు వేరుగా పెట్టారు. పాశ్చాత్యులకు 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం. మనకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. ఇండియాబ్ సర్వేలో బీఎంఐ ప్రకారం ఊబకాయం ఉన్నవారు 28.6 శాతం కాగా, పొట్ట పెరిగినవారు 39.5 శాతం. తూనిక వదిలేసినవారిలో చాలామందిని టేపు పట్టుకుంది. చేతులు, కాళ్లు సన్నగా, పొట్ట మాత్రం ముందుకు ఉన్న మనిషి మన ఆఫీసుల్లో కొత్తకాదు.

చర్మం కింద పేరుకున్న కొవ్వు కంటే పేగుల చుట్టూ, కాలేయంలో చేరే కొవ్వు హానికరం. హైదరాబాద్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఏఐజీ ఆసుపత్రి వైద్యులతో కలిసి నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉంది. 71 శాతం మంది ఊబకాయులు. మద్యం అలవాటున్నవారిలో కాలేయపు కొవ్వుకు, ట్రైగ్లిజరైడ్లకు అది కూడా తోడవుతుంది.

ఇలా చేరే కొవ్వు ఫలితం గుండెపోటు వచ్చే వయసులో కనిపిస్తుంది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం మొదటి గుండెపోటు వచ్చే సగటు వయసు దక్షిణాసియా వారిలో 53 ఏళ్లు, మిగతా దేశాల వారిలో 58.8 ఏళ్లు. మధుమేహం, నెత్తుటి కొవ్వు వంటి ముప్పులు చిన్న వయసులోనే ఎక్కువగా ఉండడమే ఈ తేడాకు ప్రధాన కారణమని ఆ పరిశోధకులు తేల్చారు.

కంచంలో ఏముంది

భారతీయుల ఆహారంలో శక్తిలో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తున్నదని ఇండియాబ్ బృందం 2025లో వెల్లడించింది. అందులో ఎక్కువ భాగం పాలిష్ బియ్యం, మరపట్టిన ధాన్యాలు, చక్కెర. తెలుగు నేలపై దీనికి ఒక చరిత్ర ఉంది. తెలంగాణ, రాయలసీమ మెట్ట ఊళ్లలో జొన్న రొట్టె, రాగి సంగటి, కొర్రన్నం రోజువారీ తిండిగా ఉండేవి. వరి అన్నం పండగ వంటకం. కాలువల కింద వరి సాగు పెరగడం, 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం అన్నాన్ని ప్రతి ఇంటికీ చేర్చాయి. ఆకలి తీర్చడంలో ఆ మేలు పెద్దది. అదే సమయంలో కాయకష్టం తగ్గుతూ వచ్చింది.

ఆఫీసు ఉద్యోగి రోజు ఇలా గడుస్తుంది. పొద్దున ఇడ్లీ, దోసె లేదా పూరీ. మధ్యాహ్నం కంచం నిండా అన్నం, పక్కన కాస్త పప్పు, కూర, వేపుడు. సాయంత్రం మిర్చి బజ్జీయో, పునుగులో, సమోసాయో. లేదంటే ఉస్మానియా బిస్కెట్‌తో ఇరానీ చాయ్. ఇంటికి చేరేసరికి ఆలస్యం, రాత్రి తొమ్మిది దాటాక మళ్లీ అన్నం, వారాంతంలో బిర్యానీ. రోజుకు నాలుగు కప్పుల టీ, కప్పుకు రెండు చెంచాల పంచదార అనుకుంటే, టీలోనే దాదాపు 40 గ్రాముల చక్కెర. జాతీయ పోషకాహార సంస్థ సూచించిన పరిమితి రోజు మొత్తానికి 25 గ్రాములు. విదేశీ వేళలకు రాత్రి షిఫ్టులు చేసేవారు శరీరం నిద్రకు సిద్ధమైన సమయంలో తింటారు. ఆ వేళ ఇన్సులిన్ పనితనం తక్కువగా ఉండడంతో అదే భోజనం నెత్తుట్లో గ్లూకోజ్‌ను, కొవ్వును ఎక్కువ సేపు నిలిపి ఉంచుతుంది.

జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం 2,000 కిలో క్యాలరీల ఆహారంలో ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు, పళ్లు కలిపి 500 గ్రాములు ఉండాలి. ధాన్యాల వాటా మొత్తం శక్తిలో 45 శాతం దాటకూడదు. ఇవన్నీ వండకముందు తూకాలు. 250 గ్రాములంటే పొద్దుటి ఇడ్లీ పిండిలోని బియ్యం నుంచి రాత్రి అన్నం దాకా అంతా కలిపి. తెలుగు భోజనంలో ముఖ్యంగా మారవలసింది ఈ పాళ్లే. ముద్దపప్పు నంజుకునేంత కాకుండా భోజనంలో ముఖ్య భాగం కావాలి. గోంగూర, తోటకూర, చిక్కుడు, బీర, సొర కంచంలో ఎక్కువ చోటు తీసుకోవాలి. అన్నం కూరలో కలుపుకునేంత చాలు.

చిరుధాన్యాల విషయంలో ఒక హెచ్చరిక కూడా ఇండియాబ్ బృందం 2025 అధ్యయనంలోనే ఉంది. పిండి పదార్థం మొత్తం తగ్గించకుండా, తెల్లబియ్యం స్థానంలో గోధుమ పిండో చిరుధాన్యాల పిండో పెట్టినంత మాత్రాన మధుమేహం, పొట్ట ముప్పు తగ్గలేదు. మొత్తం శక్తిలో 5 శాతం మేర పిండిని పప్పులు, పాలు, పెరుగు, గుడ్డు, చేపల నుంచి వచ్చే ప్రోటీన్‌తో భర్తీ చేసినప్పుడు మధుమేహం ముప్పు తగ్గింది. మెత్తగా మరపట్టిన రాగి పిండి జావ గింజగా వండిన కొర్రన్నం కంటే వేగంగా జీర్ణమవుతుంది.

నూనెల్లో తేడాలు పెద్దవి. కొబ్బరి నూనెలో దాదాపు 90 శాతం, నెయ్యిలో అరవై శాతానికి పైగా, పామాయిల్‌లో సగం దాకా సంతృప్త కొవ్వు ఉంటుంది. పల్లీ నూనె, తవుడు నూనెల్లో అది ఐదో వంతు, పొద్దుతిరుగుడు నూనెలో పదో వంతు. ఏ నూనె అయినా గ్రాముకు 9 కిలో క్యాలరీలే; కాబట్టి మంచి నూనె అని ధారాళంగా పోసుకుంటే నడుము ఒప్పుకోదు. వనస్పతిలో ఉండే ట్రాన్స్ కొవ్వు అన్నింటికంటే చెడ్డది: ఎల్‌డీఎల్‌ను పెంచుతూ హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది. నూనెలు, కొవ్వుల్లో దాన్ని 2 శాతానికి మించనీయకుండా 2022 జనవరి నుంచి భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నియమం పెట్టింది. బజ్జీల బండి దగ్గర పదేపదే కాగిన నూనె ఇప్పటికీ సమస్యే.

ఏది ఎంత తగ్గిస్తుంది

ఒంటి బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితే ట్రైగ్లిజరైడ్లు ఐదో వంతు దాకా తగ్గుతాయి. 80 కిలోల మనిషికి అది నాలుగు నుంచి ఎనిమిది కిలోలు. పొట్టలోని, కాలేయంలోని కొవ్వు ముందుగా కరగడం వల్ల తూనికలో కనిపించేదాని కంటే నెత్తుట్లో మేలు ఎక్కువ. ఎల్‌డీఎల్ మీద బరువు తగ్గుదల ప్రభావం కొద్దిపాటిదే. హెచ్‌డీఎల్ బరువు తగ్గుతున్న రోజుల్లో కాస్త పడిపోయి, కొత్త బరువు దగ్గర నిలకడ వచ్చాక పెరుగుతుంది. అందువల్ల మధ్యలో చేయించిన పరీక్ష చూసి నిరుత్సాహపడనక్కరలేదు.

ఎల్‌డీఎల్‌ను తగ్గించే ఆహారపు ఆయుధాలు రెండు. మొదటిది సంతృప్త కొవ్వును తగ్గించి ఆ చోట పల్లీలు, బాదం, నువ్వులు, చేపల్లో ఉండే అసంతృప్త కొవ్వులు చేర్చడం. రెండోది జిగురుగా మారే పీచు. మెంతులు, చిక్కుడు గింజలు, శనగలు, ఓట్స్, బెండకాయ, జామలో ఇది ఉంటుంది. పేగుల్లో పిత్త లవణాలను పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. కొత్త పిత్తం కోసం కాలేయం నెత్తుట్లోని ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది. రోజుకు 5 నుంచి 10 గ్రాముల ఈ పీచుతో ఎల్‌డీఎల్ సుమారు 5 శాతం తగ్గుతుంది.

కదలికకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కనీస కొలత వారానికి 150 నిమిషాల వడి నడక. దానితో పాటు కూర్చున్న గంటలను ముక్కలు చేయడం అవసరం. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయడం, లిఫ్టు మాని మెట్లెక్కడం, భోజనం తరువాత పది పదిహేను నిమిషాలు నడవడం గ్లైకోజెన్ గిడ్డంగిలో చోటు చేస్తాయి.

రిపోర్టు చదవడం

లిపిడ్ ప్రొఫైల్‌లో చాలామంది చూసేది మొత్తం కొలెస్టరాల్ 200 లోపు ఉందా అని. ఒక ఉద్యోగి రిపోర్టు ఇలా ఉందనుకుందాం: మొత్తం కొలెస్టరాల్ 195, హెచ్‌డీఎల్ 36, ట్రైగ్లిజరైడ్లు 240. మొదటి అంకె వరకు చూస్తే అంతా బాగున్నట్టే. మొత్తం నుంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతునూ తీసేస్తే ఎల్‌డీఎల్ అంచనా వస్తుంది: 195 నుంచి 36, 48 పోగా 111. మొత్తం నుంచి హెచ్‌డీఎల్‌ను మాత్రమే తీసేస్తే వచ్చే 159 నాన్ హెచ్‌డీఎల్ కొలెస్టరాల్. ధమనుల్లో పూడిక వేసే రేణువులన్నీ మోసే సరుకు మొత్తం ఇందులో ఉంటుంది. భారత హృద్రోగ నిపుణుల సంఘం 2024 మార్గదర్శకాల ప్రకారం ముప్పు తక్కువున్నవారిలో కూడా ఎల్‌డీఎల్ 100 లోపు, నాన్ హెచ్‌డీఎల్ 130 లోపు ఉండాలి. ట్రైగ్లిజరైడ్లు 150 లోపు, హెచ్‌డీఎల్ మగవాళ్లకు 40, ఆడవాళ్లకు 50 పైన ఉండాలి. ఈ ఉద్యోగి 195 అంకెతో ఊరట పడినా, మిగతా నాలుగు అంకెల్లోనూ హద్దు తప్పాడు.

అదే మార్గదర్శకాలు 18 ఏళ్లకే మొదటి పరీక్ష చేయించుకోమంటాయి. పరగడుపున ఉండక్కరలేదని, ట్రైగ్లిజరైడ్లు 400 దాటితేనే పరగడుపున మళ్లీ చూడాలని చెబుతాయి. మధుమేహం, రక్తపోటు వంటివి ఉన్నవారికి ఎల్‌డీఎల్ లక్ష్యం 70 లోపు, ఇప్పటికే గుండెపోటు వచ్చినవారికి 55 లోపు.

అన్నీ తిండితోనే దారికి రావు. కొందరిలో ఎల్‌డీఎల్ గ్రాహకాల లోపం వంశపారంపర్యంగా వస్తుంది. వాళ్లు ఎంత సన్నగా ఉన్నా, ఎంత పథ్యం చేసినా ఎల్‌డీఎల్ 190 దాటే ఉంటుంది. థైరాయిడ్ మందగించినా కొలెస్టరాల్ పెరుగుతుంది. వంశపారంపర్య లోపం ఉన్నవారికి, మధుమేహులకు, గుండె జబ్బు ఉన్నవారికి వైద్యులు స్టాటిన్ మాత్రలు రాస్తారు. ఇవి కాలేయంలో కొలెస్టరాల్ తయారీని అడ్డుకుని, గ్రాహకాల సంఖ్యను పెంచుతాయి. జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో 1970లలో ఈ మందుల మూల పదార్థాన్ని క్యోటోలో బియ్యం మీద దొరికిన బూజు నుంచి కనుగొన్నాడు. మాత్ర మొదలుపెట్టినా, మానినా అది వైద్యుడి సలహాతోనే జరగాలి. మాత్ర ఎల్‌డీఎల్‌ను బాగా దించుతుంది. కూర్చోవడం, అధిక అన్నం, చక్కెరల వల్ల చేరిన ట్రైగ్లిజరైడ్లను, కాలేయపు కొవ్వును, నడుమును దించే పని మాత్రం కంచానికీ కాళ్లకూ మిగిలే ఉంటుంది.